టీచరుతో మాట్లాడితే ఆ కోపం పిల్లవాడి మీద చూపిస్తారా?

రాజోలు వైపు నుండి ఒక తల్లి అడిగిన ప్రశ్నకు ఇది నా జవాబు. నాలుగో తరగతి చదువుతున్న వారి అబ్బాయి నోటితో అడిగితే పాఠమంతా చెబుతాడు, రాయమంటే మాత్రం అక్షరాలు తారుమారవుతాయి. టీచరు దానిని నిర్లక్ష్యమని వెనుక బెంచీలో కూర్చోబెట్టారు. వెళ్లి అడిగితే ఆ కోపం పిల్లవాడి మీద చూపిస్తారేమోనని ఆమె భయం.

చెల్లెమ్మా, మాది అంబాజీపేట దగ్గర పల్లె. మా అబ్బాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. వాడు మూడులో ఉన్నప్పుడు 'భారతం' అని రాయవలసిన చోట 'బరాతం' అని రాస్తే, టీచరు ఎర్ర సిరాతో చుట్టి పదిసార్లు రాయమన్నారు. వాడు పదిసార్లూ 'బరాతం' అనే, గుండ్రని అక్షరాలతో, గీత దాటకుండా రాసి తెచ్చాడు. ఆ పేజీ చూసి నాకు కోపం ఆగలేదు. మా మరిదిని వెంటబెట్టుకుని, మధ్యాహ్నం టీచర్లంతా క్యారేజీలు విప్పుకున్న సమయంలో వెళ్లి, అందరి ముందూ గట్టిగా అడిగాను. "మీ వాడికి శ్రద్ధ లేదండీ, ఇంట్లో మీరే చూసుకోవాలి" అని ఆవిడ ఒక్క మాటతో ముగించారు. తరువాత పది రోజుల పాటు వాడిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. "నువ్వు ఇంక మా బడికి రావద్దమ్మా" అన్నాడు వాడు. కనుక మీ భయం నిజమేనని నేను ఒప్పుకుంటాను. అయితే మా విషయంలో ఆ కోపం అడిగినందుకు వచ్చింది కాదు, నలుగురి ముందు అడిగినందుకు వచ్చింది.

రెండోసారి వెళ్లేలోపు ముందుగా కళ్లు, చెవులు పరీక్ష చేయించాము, రెండూ బాగానే ఉన్నాయన్నారు. ఆ తరువాత మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి తీసుకువెళితే, అక్కడి ఉపాధ్యాయురాలు వాడిచేత ఒక పేరా చదివించి, ఇది తెలివితేటలకు సంబంధించిన లోపం కాదని, అభ్యసన వైకల్యం (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టం కావడం) కావచ్చునని, క్లినికల్ సైకాలజిస్టు చేత పరీక్ష చేయించమని చెప్పారు. అందుకోసం కాకినాడకు రెండుసార్లు తిరిగాము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో అభ్యసన వైకల్యమూ ఒకటి. ఆ చట్టం కింద కొన్ని ప్రత్యేక ప్రయోజనాలు పొందడానికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం కావాలి గానీ, ముందు బెంచీలో కూర్చోబెట్టమని అడగడానికి ఏ పత్రమూ అక్కరలేదు. 2009 విద్యాహక్కు చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం, పిల్లవాడి అభ్యసన సామర్థ్యాన్ని గమనించి అవసరమైతే అదనంగా బోధించడమూ, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై అతని ప్రగతి చెప్పడమూ టీచరు విధులు. 17వ సెక్షన్ కొట్టడాన్నే కాక మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఇవన్నీ తెలిసి ఉంటే గొంతు పెంచవలసిన అవసరం రాదు. అంతే తప్ప, సెక్షన్లు చదివి వినిపించడానికి మాత్రం వెళ్లకండి.

ఈసారి ముందుగా సమయం అడిగి, సాయంత్రం బడి వదిలిన తరువాత నేనొక్కదాన్నే వెళ్లాను. 'బరాతం' పేజీని, పక్కనే వాడు నోటితో చెప్పగా నేను రాసుకున్న అదే పాఠాన్ని టీచరు ముందు పెట్టాను. "నూట ఇరవై కాయలు, కాయ పదిహేను రూపాయలైతే ఎంతరా అని వాళ్ల నాన్న అడిగితే, పద్దెనిమిది వందలు అని వేళ్లు మడవకుండా చెబుతాడండీ" అన్నాను. ఆవిడ రెండు కాగితాలూ చాలాసేపు చూసి, "నోటితో ఇంత చెబుతాడా?" అన్నారు. అప్పుడు మూడే అడిగాను: ముందు బెంచీ, బోర్డు మీది నోట్సుకు బదులు పక్క పిల్లవాడి నోటుబుక్కు జిరాక్సు, సైన్సులో జవాబు సరిగా ఉంటే గుణింతం తప్పుకు మార్కు తగ్గించకపోవడం. ఇవే ఒక ఉత్తరంగా రాసి హెడ్మాస్టరుగారికి ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం తీసుకున్నాను. "సంతకం దేనికి, కోర్టుకా?" అని మా ఆయన నవ్వారు. మరుసటి జూన్‌లో హెడ్మాస్టరు బదిలీ అయి, కొత్తాయన "నాకేమీ తెలియదే" అన్నప్పుడు ఆ నకలే పనికివచ్చింది.

మొదటి రెండూ వారంలోనే జరిగాయి. మూడోదానికి ఇంగ్లిషు మాస్టారు ఏడాది వరకు ఒప్పుకోలేదు, ఆయనతో నేను పేచీ పెట్టుకోలేదు కూడా.

మీరు ఈ వారం రెండు పనులు చేయండి: అబ్బాయి చేత ఒక పాఠం చెప్పించి మాట పోకుండా రాసుకోండి, టీచరుకు ఎప్పుడు వీలవుతుందో కబురు పెట్టి కనుక్కోండి. వెళ్లే ముందు ఏం అడగబోతున్నారో అబ్బాయికి కూడా చెప్పండి. మా వాడు జిరాక్సు వద్దన్నాడు, తోటిపిల్లలు నవ్వుతారని. చివరకు ఆ కాగితాలను నోటుబుక్కులో అంటించి ఇస్తామంటే ఒప్పుకున్నాడు.