రుద్రమదేవి పాలన ముగిసింది 1289లోనా, 1295లోనా? ప్రాజెక్టులో ఏ ఆధారాన్ని నమ్మాలి?

మీ దగ్గరున్న పుస్తకాల్లో ఒకటి 1295 అంటోంది, ఇంకొకటి 1289 అంటోంది, ప్రాజెక్టులో ఏది రాయాలని అడిగారు. 1289 రాయండి. ఎందుకో కూడా రాయండి, ప్రాజెక్టు విలువంతా అక్కడే ఉంది.

నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో ఒక శాసనం దొరికింది. శాలివాహన శకం 1211, విరోధి నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి నాటిది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి దేవుడికి దానం చేశాడని అందులో ఉంది. ఇది వెలుగులోకి రాకముందు రాసినవాళ్లకు 1295 అనడానికి కారణాలున్నాయి, వాళ్లను తప్పుపట్టక్కర్లేదు. అందుకే ద్వితీయ ఆధారం (తర్వాతివాళ్లు రాసిన పుస్తకం) ఏదైనా ముందు తొలి ముద్రణ ఏడాది చూడండి, తర్వాత అధస్సూచికలు (ఫుట్‌నోట్లు) చూడండి. అయిదు పుస్తకాలూ ఒకే పాత పుస్తకాన్ని ఉదహరిస్తే మీకున్నది ఒక్క సాక్ష్యమే.

తేదీని మీరే లెక్కగట్టండి. శకానికి 78 కలిపితే 1289. పుష్యమాసం సగం నుంచి ఫాల్గుణం దాకా వచ్చే తిథులకైతే జనవరి దాటేస్తుంది కాబట్టి 79 కలపాలి. తర్వాత సంవత్సరం పేరుతో సరిచూడండి: 2009 ఉగాదికి విరోధి మొదలైంది, 2009లోంచి 1289 తీస్తే 720, అరవైతో శేషం లేకుండా పోతుంది. ఒక ఏడాది తేడా వస్తే శకం గతించిన ఏడాదా, నడుస్తున్న ఏడాదా అన్నది చూసుకోవాలి. అంతకు మించి తేడా వస్తే అంకెను తప్పుగా చదివారేమోనని అనుమానించాలి.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఈ శాసన తేదీ 1289 నవంబరు 27కు సరిపోతుందని లెక్కగట్టారు. దాన్నే ఆమె మరణించిన రోజుగా రాసేస్తున్నారు. అది దానం చేసిన రోజు. "1289 నవంబరు చివరికల్లా మరణించింది" అన్నంతవరకే రాయగలం. కాయస్థ నాయకుడు అంబదేవుడితో యుద్ధంలో చనిపోయిందన్నది చరిత్రకారుల ఊహ. రాణి, సేనాని ఇద్దరి పేర్లూ కలిపి ఉండటం వల్ల ఆ ఊహకు బలముంది, కానీ శాసనం ఆ మాట చెప్పదు. రెంటినీ వేర్వేరు వాక్యాల్లో పెట్టండి.

ఆ కాలానికి దగ్గరివాడైనంత మాత్రాన చెప్పిందల్లా నిజం కాదు. మార్కో పోలో ఆమెను చనిపోయిన రాజు భార్య అన్నాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. మోటుపల్లి రేవు వైపు వజ్రాలు, సన్నబట్టల గురించి తెలుసుకోవడానికి పోలో పనికొస్తాడు గానీ రాజకుటుంబపు వరసలకు కాదు. కాకతీయుల కథ చెప్పే ప్రతాపచరిత్ర అయితే 1323లో కాకతీయ రాజ్యం పడిపోయాక చాలాకాలానికి పుట్టింది. 1289కి అది సాక్షి కాదు. తర్వాతి తరాలు కాకతీయులను ఎలా తలుచుకున్నాయన్నది మీ అంశమైతే మాత్రం అదే ప్రాథమిక ఆధారం.

శాసనపాఠాన్ని అచ్చు పుస్తకంలో చదివేటప్పుడు బ్రాకెట్లలోని అక్షరాలను వదిలేసి ఒకసారి చదవండి. అవి సాధారణంగా రాయి చెదిరినచోట సంపాదకుడు పూరించినవో, సరిదిద్దినవో. ఆ గుర్తుల వివరం సంపుటి మొదట్లో ఉంటుంది. మీ వాదనకు కీలకమైన మాట ఆ గుర్తుల లోపలే ఉంటే, ఆ సంగతి ప్రాజెక్టులో చెప్పి తీరాలి.