టైరు అరగదీసే స్టాండ్ చేస్తున్న అబ్బాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా రెండో ఏడు చదువుతున్నాడు. రేసు కార్ల టైర్లను అరగదీయడానికి మోటారుతో తిరిగే స్టాండ్ ఒకటి ఇంట్లోనే తయారు చేస్తున్నాడు. సెలవులన్నీ దానికే, మార్కులు తగ్గాయి. అడిగితే రేసింగ్‌లోనే ఉద్యోగం చేస్తానంటాడు. ఇది మాన్పించాలా? తర్వాత ఏం చదివించాలి? (ఒక తల్లి)

జవాబు: మాన్పించకండమ్మా. అయితే ఆ స్టాండ్ చూసి రేసింగ్ టీమ్ ఉద్యోగం ఇచ్చేస్తుందని కూడా అనుకోకండి.

ముందు అతను చేస్తున్నది ఏమిటో చూద్దాం. రేసు టైరు పదే పదే వేడెక్కి చల్లారేసరికి పైన రబ్బరు గట్టిపడి, నున్నగా తేలి పట్టు తప్పుతుంది. మట్టి ట్రాకుల మీద పోటీ చేసేవాళ్లు ఆ పొరను గ్రైండర్‌తో తీసేసి కింది మెత్తటి రబ్బరును బయటికి తెస్తారు. టైరును చేత్తో తిప్పుతూ చేస్తే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ లేచిపోతుంది. అందుకే నెమ్మదిగా, ఒకే వేగంతో తిరిగే స్టాండ్.

వినడానికి చిన్న పనే. ఒక్కసారి అతన్ని కూర్చోబెట్టి "చక్రం ఎంత వేగంతో తిరుగుతుంది, ఎందుకు?" అని అడగండి. నిమిషానికి 1,440 చుట్లు తిరిగే మోటారుకు 40:1 గేర్‌బాక్స్ తగిలిస్తే చక్రం 36 చుట్లు తిరుగుతుంది. 60 సెంటీమీటర్ల టైరైతే దాని అంచు సెకనుకు 1.1 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 11,000 చుట్లు తిరిగే 125 మిల్లీమీటర్ల గ్రైండర్ డిస్క్ అంచు వేగం మాత్రం సెకనుకు 70 మీటర్లు దాటుతుంది. అంత వేగంతో ఉన్న డిస్క్ టైరును తను తిరిగే వైపు లాక్కుపోవాలని చూస్తుంది. బెల్టు ఒక్కటే ఉంటే జారిపోవచ్చు. వార్మ్ గేర్ (మరలాంటి కడ్డీ పళ్ల చక్రాన్ని తిప్పే గేరు) అయితే చక్రం వైపు నుంచి లాగినా మోటారు అంత సులువుగా తిరగదు. ఈ లెక్క అతనే చెప్పగలిగితే మీరు మార్కుల గురించి సగం టెన్షన్ తగ్గించుకోవచ్చు. "వీడియోలో అలాగే చేశారు" అంటే మాత్రం అతని చేతిలో ఉన్నది వెల్డింగ్ హాబీ. అదీ తప్పేం కాదు, కానీ దాన్నిబట్టి కోర్సు ఎంచుకోలేం.

ఇక చదువు సంగతి. స్టాండ్‌లో అతనికి బాగా నచ్చుతున్న భాగం ఏదో గమనించండి. ఫ్రేమ్, బేరింగ్, హబ్ అయితే మెషిన్ డిజైన్. వేగం మార్చే కంట్రోలర్, స్విచ్‌ల దగ్గరే గంటలు గడుపుతుంటే మెకట్రానిక్స్, అంటే యంత్రాలూ ఎలక్ట్రానిక్సూ కలిసిన చదువు. రబ్బరు ఎందుకు గట్టిపడుతోందని తవ్వుతుంటే పాలిమర్ లేదా రబ్బరు టెక్నాలజీ. చాలామంది పిల్లలకు ఈ మూడోది ఒకటుందనే తెలియదు. టైరు కంపెనీల ల్యాబుల్లో ఈ చదువు చదివినవాళ్లకు పని ఉంటుంది. రేసింగ్ టీముల్లో ఖాళీలు తక్కువ, ప్రయాణాలు ఎక్కువ, పోటీ విపరీతం. టెస్ట్ రిగ్‌లు (భాగాలను పరీక్షించే యంత్రాలు), ప్రత్యేక యంత్రాలు తయారు చేసే చోట ఇదే నైపుణ్యానికి గిరాకీ బాగుంటుంది. రేసింగే కావాలంటే ఫార్ములా స్టూడెంట్ (విద్యార్థులే రేసు కారు తయారు చేసి పోటీపడే కార్యక్రమం) జట్టు ఉన్న కాలేజీ చూడండి.

నావి రెండు షరతులు. మొదటిది, మ్యాథ్స్‌లో, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో ఫెయిలైతే స్టాండ్ అటక ఎక్కుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. గ్రైండర్ గార్డు తీయకూడదు. కళ్లద్దాలు, ముఖానికి షీల్డ్, దుమ్మును వడగట్టే రెస్పిరేటర్ ఉండాలి. గుడ్డ మాస్కు చాలదు. వదులు చేతులున్న చొక్కా వేసుకుని తిరిగే హబ్ దగ్గరికి వెళ్లకూడదు. స్టాండ్ ఇనుప ఫ్రేముకు ఎర్తింగ్ ఉండాలి, కాలికో చేతికో అందే దూరంలో ఎమర్జెన్సీ స్టాప్ ఉండాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆన్ చేయకూడదు.

ఇవి ఒప్పుకుంటే అతనికి ఒక నోట్‌బుక్, ఒక డ్యూరోమీటర్ (రబ్బరు గట్టిదనం కొలిచే పరికరం) కొనివ్వండి. గ్రైండ్ చేయకముందు నాలుగు చోట్ల, తర్వాత అవే నాలుగు చోట్ల రబ్బరు గట్టిదనం కొలిచి రాయమనండి. తప్పిన ప్రయత్నాలనూ రాయమనండి. ఇంటర్వ్యూలో అతని స్టాండ్ ఫొటో కన్నా ఆ పేజీలనే ఎక్కువసేపు తిరగేస్తారు.