గ్రనాడాలో రెండు రోజులు: పెదనాన్న ఉత్తరం

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

అమ్మానాన్నలు మాడ్రిడ్ వచ్చినప్పుడు ఒక శని, ఆదివారాలు గ్రనాడా తీసుకెళ్దామనుకుంటున్నానని రాశావు. మంచి ఆలోచన. రైలు గురించి, హోటల్ గురించి, తిండి గురించి అడిగావు. అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది అలాంబ్రా టికెట్, అంటే ఊరి కొండ మీదున్న పాత కోట, రాజమహళ్లు చూసే టికెట్. (స్పానిష్‌లో ‘హ’ పలకరు కాబట్టి ఆ ఊళ్లో ‘అల్‌హంబ్రా’ అనకు, అలాంబ్రా అను.) టికెట్ మీద ఏ గంట పడిందో తెలిశాక రైలు, రైలు తేలాక హోటల్. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. రైలు చవగ్గా దొరికిందని కొనేసి, వెళ్లే వారం టికెట్ల కోసం చూస్తే ఆ రెండు రోజులూ ఒక్కటీ మిగలదు. అలాంబ్రా లోపలికి వెళ్లకుండా గ్రనాడా నుంచి తిరిగొచ్చేవాళ్లు ఏటా ఎందరో ఉంటారు.

కారణం సులువే. అలాంబ్రాకు గుండెకాయ లాంటివి ఒకప్పుడు గ్రనాడాను ఏలిన ముస్లిం రాజులు, నస్రీల మహళ్లు. గదులు చిన్నవి, గోడలన్నీ సున్నితమైన గచ్చు నగిషీ. అందుకని అరగంటకు మూడొందల మందిని మాత్రమే పంపిస్తారు. ఏప్రిల్, మే, అక్టోబరు నెలల్లో శని, ఆదివారాల టికెట్లు వారాల ముందే అయిపోతాయి. నువ్వు కనీసం రెండు నెలల ముందే కొనిపెట్టుకో. ఈస్టర్ ముందు వారం, డిసెంబరు మొదటి వారంలో వచ్చే వరుస సెలవులు అసలు వద్దు. టికెట్ దొరికినా గది అద్దె రెట్టింపవుతుంది, ఈస్టర్ ఊరేగింపులప్పుడు ఊరి నడుమ దారులు మూసేస్తారు. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఎండ 35 డిగ్రీలు దాటుతుంది. అక్టోబరు చివర, నవంబరు మొదట్లో అయితే హాయిగా ఉంటుంది, కానీ ఊరు దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి సాయంత్రానికి చలి దిగుతుంది. అమ్మకు శాలువా, స్వెటర్ రెండూ పెట్టు.

కొనాల్సిన టికెట్ పేరు ‘అలాంబ్రా జనరల్’. మనిషికి ఇరవై యూరోల పైచిలుకు ఉంటుంది. నస్రీ మహళ్లు, అల్కసాబా అనే కోట, హెనెరలీఫె అనే తోట, మూడూ అందులో వస్తాయి. ఒక్కోచోటికి ఒక్కసారే ప్రవేశం. నెట్‌లో వెతికితే పైన కనిపించేవన్నీ అసలు సైట్లు కావు. అలాంబ్రాను చూసుకునే ‘పత్రొనాతో’ సంస్థ సొంత సైట్‌లోనే కొను. బయటివాళ్లు ఎక్కువ డబ్బు తీసుకోవడం ఒక బాధ, ‘తోటలు, అల్కసాబా’ టికెట్‌ను అలాంబ్రా టికెట్ అని అంటగట్టడం ఇంకో బాధ. దానితో మహళ్లలోకి పంపరు, గుమ్మం దగ్గరికి వెళ్లేదాకా ఆ సంగతి తెలియదు. వయసు మళ్లినవారికి ఇచ్చే రాయితీ యూరోపియన్ యూనియన్ పౌరులకే. నాన్నకు వర్తిస్తుందేమోనని ఆశపడి ఆ టికెట్ తీసుకోకు, పూర్తి ధరదే తీసుకో.

పేర్ల దగ్గర మనవాళ్లు తరచుగా తడబడతారు. టికెట్ పేరు మీద ఉంటుంది, లోపల గుర్తింపు అడుగుతారు. స్పెయిన్ ఫారాల్లో మొదట పేరు, తర్వాత రెండు ఇంటిపేర్లకు గడులుంటాయి, ఎందుకంటే వాళ్లకు తండ్రి వైపుది ఒకటి, తల్లి వైపుది ఒకటి ఉంటాయి. మనకు ఒక్కటే. రెండో గడి నింపడానికి ఏదో ఒకటి రాయకు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో అదే అక్షరాలతో, అదే వరుసలో రాయి. అమ్మ పాస్‌పోర్టులో పుట్టింటి పేరుందో, మన ఇంటిపేరుందో ముందే ఫొటో తెప్పించుకుని చూడు. నంబరు రెండుసార్లు సరిచూడు. వెళ్లే రోజు అసలు పాస్‌పోర్టులే వెంట ఉండాలి, ఫోన్‌లో ఫొటోను నమ్ముకోవద్దు.

టికెట్లు అయిపోయాయనుకో, నిరాశపడకు. రద్దయినవి అదే సైట్‌లోకి తిరిగి వస్తుంటాయి, రోజూ పొద్దునా రాత్రీ చూస్తుండు. రాత్రిపూట మహళ్లు మాత్రమే చూపించే టికెట్ వేరేగా ఉంటుంది. ‘గ్రనాడా కార్డ్’ అనే నగర పాసులో అలాంబ్రా కూడా ఉంటుంది, దాని కోటా విడిగా ఉంటుంది. ధర ఎక్కువే కానీ కెథెడ్రల్, రాజుల సమాధి చాపెల్, బస్సులు అందులోనే కలుస్తాయి కాబట్టి మరీ దండగేమీ కాదు.

ఏ గంట ఎంచుకోవాలంటే, ఆదివారం ఉదయం పదిన్నర. దిగిన రోజే పెట్టుకోకు. రైలు గంట ఆలస్యమైతే నీ అరగంట గడిచిపోతుంది, ఆ తర్వాత ఎంత బతిమాలినా పంపరు. హెనెరలీఫె, అల్కసాబా ఎప్పుడు చూసినా ఫరవాలేదు కానీ మహళ్లకు మాత్రం టికెట్ మీద రాసిన వేళే వేళ. పదిన్నర అంటే పదింబావుకల్లా ఆ వరుసలో ఉండాలి.

నాన్న మోకాళ్ల నొప్పి గుర్తుపెట్టుకుని ఆ రోజు నడకను పైనుంచి కిందికి వచ్చేలా పెట్టుకో. ఇసబెల్ లా కతోలికా కూడలిలో C30 లేదా C32 చిన్నబస్సు ఎక్కి పైన హెనెరలీఫె దగ్గర దిగండి. గేటు ఎనిమిదిన్నరకు తెరుస్తారు, ఎనిమిది ముప్పావుకల్లా లోపల ఉంటే మంచిది. ముందు హెనెరలీఫె. రాజులు వేసవిలో చల్లబడడానికి కట్టుకున్న తోట ఇల్లు. పొడవాటి నీటి కాలువ, రెండు పక్కల నుంచి ఎగిసే ఫౌంటెన్లు. దారో నది ఎగువన నీళ్లు మళ్లించి కొండ వాలు వెంట కాలువ తవ్వి తెచ్చారు. పంపుల్లేకుండా వాలు మీదే ఆ నీళ్లు ఇంత ఎత్తుకు చేరాయని అమ్మానాన్నలకు చెప్పు. కాలువల కింద వ్యవసాయం చేసిన కుటుంబం మనది, ఆ లెక్క వాళ్లకు వెంటనే పడుతుంది. తోటకు ముప్పావుగంట చాలు. అక్కడి నుంచి మహళ్లకు మెల్లగా నడిస్తే ఇరవై నిమిషాలు. దగ్గరే కదా అని తోటలో ఆలస్యం చేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. తొమ్మిదిన్నర దాటగానే కదలండి. బాత్రూమ్ పని వరుసలో నిలబడక ముందే ముగించుకోండి. మహళ్లలో దారి ఒకవైపుకే, వెనక్కి వచ్చే వీలుండదు. వీపు సంచులు ముందుకు తగిలించుకోమంటారు, పెద్దవైతే సామాన్ల గదిలో పెట్టాలి.

మహళ్లలో తొందరపడకు. ఒకసారి లోపలికి వెళ్లాక ఇంత సేపట్లో బయటికి రావాలన్న లెక్క లేదు. అందరూ ఫోన్లెత్తి నడిచిపోతుంటారు. వాళ్లను పోనిచ్చి, మీరు గోడ పక్కన ఆగండి. మొదట మెశ్వార్ అనే సభామందిరం, తర్వాత మర్టిల్ అనే పొదలున్న కొలను వాకిలి, దానికి ఎదురుగా కొమారెస్ బురుజు. బురుజు లోపలి దర్బారు గది కప్పు వేల చెక్కముక్కలు కూర్చి చేసింది, ఏడు ఆకాశాలకు గుర్తుగా నక్షత్రాలు వరుసలు కట్టి ఉంటాయి. నడుం పట్టేసినా సరే, తలెత్తి చూడండి. తర్వాతది సింహాల వాకిలి, 14వ శతాబ్దంలో ఐదో ముహమ్మద్ కట్టించింది. 12 పాలరాతి సింహాలు, చుట్టూ 124 సన్నని స్తంభాలు. తొట్టి అంచు మీద చెక్కింది ఆస్థానకవి ఇబ్న్ జమ్రక్ పద్యం. అక్కడి నుంచి ‘ఇద్దరు అక్కచెల్లెళ్ల గది’లోకి వెళ్లండి. తేనెపట్టులా వేలాడే కప్పు, 5,000కు పైగా గచ్చు ముక్కలు. చాలామంది అది పాలరాయి అనుకుంటారు, కాదు, గచ్చు. పాలరాయి స్తంభాలకూ నేలకే. చార్మినార్ మీద గచ్చు పని చూసిన కళ్లతో దీన్ని చూస్తే, అక్కడ పువ్వులు బయటికి ఉబికినట్టుంటే ఇక్కడ గోడంతా పలచటి జాలీలా కనిపిస్తుంది. గోడల మీద పదే పదే కనిపించే అరబిక్ వాక్యానికి అర్థం ‘దేవుడు తప్ప విజేత లేడు’. ఒక్కసారి దాన్ని గుర్తుపట్టడం నేర్పితే నాన్న గది గదిలోనూ తనే వెతుక్కుంటాడు.

బయటికొచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండవుతుంది. చక్రవర్తి ఐదో చార్లెస్ 1527లో మొదలుపెట్టించిన రాతి మహలుకు డబ్బులక్కర్లేదు. బయటికి చదరం, లోపల గుండ్రని వాకిలి. నడి వాకిట్లో నిలబడి మాట్లాడితే గొంతు ఎలా తిరిగొస్తుందో వినండి. అల్కసాబాలో బేలా బురుజు మెట్లు ఇరుకు. నువ్వూ అమ్మా ఎక్కండి, నాన్నను కింద నీడన కూర్చోబెట్టు. తిరుగు దారిలో న్యాయ ద్వారం దగ్గర బస్సు ఆగుతుంది, అందులో దిగండి. అక్కడి నుంచి ఊళ్లోకి చెట్ల మధ్య చక్కని బాట ఉంది కానీ బాగా ఏటవాలు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే కష్టం.

ఇక శనివారం. మాడ్రిడ్ అతోచా నుంచి హైస్పీడ్ రైలు మూడున్నర గంటలు అటూ ఇటూ. సామాన్లు స్కానింగ్ చేస్తారు, గేటు కొంచెం ముందే మూసేస్తారు, అరగంట ముందు స్టేషన్‌లో ఉండు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి ముందే గ్రనాడా. స్టేషన్ నుంచి టాక్సీ తీసుకో, దూరం తక్కువే. కారు అద్దెకు మాత్రం వద్దు. ఊరి నడుమ కెమెరాలుంటాయి, అనుమతి లేని బండి వెళ్తే జరిమానా ఇంటికొస్తుంది.

గది ప్లాసా నుయేవా కూడలికీ కెథెడ్రల్‌కూ మధ్య చూడు. అల్బైసిన్ గుట్ట మీద పాతకాలం ఇళ్లు ఫొటోల్లో ముచ్చటగా ఉంటాయి. కానీ చాలా సందుల్లోకి టాక్సీ రాదు, సూట్‌కేసు గులకరాళ్ల మెట్ల మీద మోసుకెళ్లాలి. లిఫ్టు ఉందో లేదో అడిగి రాయించుకో. ఆ గులకరాళ్లు వాన పడితే జారతాయి. అమ్మకు చెప్పులు వద్దు, రబ్బరు అడుగున్న బూట్లు కొనిపెట్టు.

కెథెడ్రల్, దాని పక్కన రాజుల చాపెల్ శనివారమే చూసెయ్యండి. ఆదివారం పొద్దున కెథెడ్రల్‌లో ప్రార్థనలు, సందర్శకులకు మధ్యాహ్నం తర్వాతే. చాపెల్‌లో స్పెయిన్ రాణి ఇసబెల్, రాజు ఫెర్నాందోల సమాధులున్నాయి. పైన చెక్కిన పాలరాతి బొమ్మలు చూసి అందరూ వెనుదిరుగుతారు. మెట్లు దిగి కింద గది చూడండి, ఆ మహారాజులున్నది మామూలు సీసపు పెట్టెల్లో. 1492 జనవరి 2న గ్రనాడా నస్రీల నుంచి వాళ్ల చేతికొచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో పక్కనున్న శాంతా ఫె ఊళ్లో కొలంబస్‌తో ఒప్పందం కుదిరింది. మీరు ఆదివారం బస్సెక్కే కూడలిలోని విగ్రహం ఆ రాణి, కొలంబస్‌లదే. మన దేశానికి దారి వెతుకుతూ బయల్దేరిన ఆ ఓడల వల్లే మిరపకాయ అమెరికా దాటింది, తర్వాత పోర్చుగీసువాళ్లతో మన దగ్గరికొచ్చింది. గుంటూరు మనిషికి చూపించకుండా ఎలా!

ఆ చుట్టుపక్కల రోజ్‌మేరీ కొమ్మలు పట్టుకుని కొందరు ఆడవాళ్లు తిరుగుతుంటారు. గుళ్లో పువ్వు ఇచ్చినట్టు నవ్వుతూ చేతికిస్తారు, తీసుకుంటే చెయ్యి చూసి జాతకం చెప్పి డబ్బులడుగుతారు. మనవాళ్లు మర్యాద కోసం చెయ్యి చాపుతారు. వద్దని తల ఊపి ఆగకుండా నడవమని ముందే చెప్పు. పక్కనే అల్కైసెరియా, పాత పట్టు బజారు. 1843లో కాలిపోతే మళ్లీ కట్టారు. అక్కడ కొనదగ్గది ‘తరసేయా’, రంగురంగుల చెక్కముక్కలు పొదిగిన పెట్టె. ముద్రించిన కాగితం అతికించినవి కూడా అమ్ముతారు. అంచు దగ్గర గోరుతో తడిమి చూస్తే తెలిసిపోతుంది.

సాయంత్రం ప్లాసా నుయేవా నుంచి C31 ఎక్కి సాన్ నికొలాస్ గుట్ట మీదికి వెళ్లండి. ఎదురుగా అలాంబ్రా, వెనక సియెర్రా నెవాదా మంచుకొండలు. పొద్దు వాలేకొద్దీ గోడలు ఎర్రబడతాయి. అలాంబ్రా అంటే అర్థమే ‘ఎర్రనిది’. సూర్యాస్తమయం జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటాక, డిసెంబరులో ఆరింటికే. గంట ముందు వెళ్తే గోడ మీద చోటు దొరుకుతుంది. జనం ఎక్కువ, పర్సు ముందు జేబులో ఉండాలి. పక్కనే 2003లో తెరిచిన మసీదు తోట ఉంది. అది తెరిచి ఉంటే అక్కడికే వెళ్లండి, దృశ్యం అదే, రద్దీ తక్కువ.

తిండి సంగతి. మధ్యాహ్న భోజనం రెండింటికి, రాత్రి ఎనిమిదిన్నర దాటాకే. మధ్యలో వంటగదులు మూసేస్తారు. నాన్న మందులకు సరిపడా పళ్లు, బిస్కెట్లు సంచిలో ఉంచు. అక్కడి బార్లలో కాఫీ, టీ కాక ఏ పానీయం అడిగినా దానితో ఒక చిన్న పళ్లెం ‘తపా’ ఉచితంగా ఇస్తారు, చాలాసార్లు అందులో మాంసమే ఉంటుంది. అందుకే పానీయం చెప్పేటప్పుడే మాట్లాడు. ‘వెజిటేరియన్’ అని ఊరుకుంటే ట్యూనా చేప వేసి తెస్తారు. ‘సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ హామోన్’ అను: మాంసం, చేప, పంది మాంసం లేకుండా అని. అమ్మకు నచ్చేది ‘బెరెన్హేనాస్ కోన్ మియెల్’, వేయించిన వంకాయ ముక్కల మీద చెరకు పాకం. సాల్మొరెహో అనే చల్లని టమాటా సూప్ మీద పంది మాంసం, గుడ్డు చల్లుతారు, వద్దని చెప్పాలి. రెమొహోన్ అనే నారింజ సలాడ్‌లో ఉప్పుచేప ఉంటుంది. సాక్రొమోంతె ఆమ్లెట్ గుడ్డు తినేవాళ్లు కూడా అడగకూడదు, అందులో మెదడు వేస్తారు. పొల్వొరోన్ లాంటి పొడి మిఠాయిల్లో పంది కొవ్వు ఉంటుంది. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు.

తిరుగు రైలు ఆదివారం సాయంత్రం ఐదు తర్వాతది తీసుకో, మహళ్లలో గడియారం చూసుకోకుండా ఉండొచ్చు. గది ఖాళీ చేసి సామాన్లు హోటల్‌లోనే పెట్టుకోనిమ్మని అడుగు. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి రైల్లో తినడానికి కావలసినవి శనివారం రాత్రే కొనిపెట్టుకో.

టికెట్ మీద ఏ గంట పడిందో రాయి. పదిన్నర దొరక్కపోతే హెనెరలీఫె ముందా వెనకా అన్నది ఆ గంటను బట్టి మార్చి చెప్తాను.

మీ
పెదనాన్న