అర ఎకరంలో చలికాలపు పచ్చిమేత: మఖన్ గ్రాస్ వేయాలా?

ప్రశ్న: సార్, మాది ఆదిలాబాద్ జిల్లా. నాలుగు ముర్రా బర్రెలు ఉన్నాయి. సోయా కోశాక బోరు కింద అర ఎకరం ఖాళీ అవుతుంది. మళ్లీ జూన్‌లో పత్తి పెట్టాలి. ఈ మధ్య వీడియోల్లో ‘మఖన్ గ్రాస్’ గురించి చూశాను. ఒక్కసారి చల్లితే ఏడెనిమిది కోతలు వస్తాయంటున్నారు. ఆన్‌లైన్‌లో విత్తనం తెప్పించమంటారా? బర్రెలను నేరుగా అందులోనే మేపవచ్చా?

జవాబు: తెప్పించండి, కానీ అర ఎకరానికి కాదు. ఈ ఏడాది రెండు గుంటల్లో వేసి చూడండి. మిగతా 18 గుంటల్లో ఓట్స్ వేసుకోండి.

మఖన్ గ్రాస్ పేరుతో అమ్మేది ఏకవార్షిక రై గడ్డి. (రై ధాన్యం వేరు, ఇది వేరు.) మెత్తటి ఆకు, బర్రెలు ఇష్టంగా తింటాయి, కోసిన కొద్దీ చిగురిస్తుంది. ఇందులో అబద్ధం లేదు. లుధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ‘పంజాబ్ రై గ్రాస్ నం.1’ అనే రకాన్ని కూడా ఇచ్చింది. చిక్కల్లా ఆ ఏడెనిమిది కోతల లెక్కతోనే. ఇది చలి పంట. పగలు 18–25 డిగ్రీలు ఉంటే ఏపుగా పెరుగుతుంది, 30 దాటితే సోలిపోతుంది. మీ దగ్గర డిసెంబర్, జనవరి రాత్రులు గజగజ వణికిస్తాయి, నిజమే. కానీ ఫిబ్రవరి చివరికే పగటి ఎండ 33 డిగ్రీలకు అటూఇటూగా చేరుతుంది.

మీరే లెక్క వేయండి. అక్టోబర్ 20న చల్లితే మొదటి కోతకు 55 రోజులు, అంటే డిసెంబర్ 14. తర్వాత నెలకొకటి చొప్పున జనవరి 13, ఫిబ్రవరి 12. మార్చి మధ్యలో రావలసిన నాలుగో కోత మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అందుకే ఏ రకం కొన్నా, వేసవి దాకా నిలిచేదా అని కాదు, తొందరగా మొదటి కోతకు వచ్చేదా అని అడగండి.

విత్తనం రాగానే పది గింజలు అరచేతిలో వేసుకుని చూడండి. ఏకవార్షిక రై గడ్డి గింజ కొసన సన్నటి మీసం ఉంటుంది. మీసం లేకుండా నున్నగా ఉంటే అది లాన్‌లలో వేసే బహువార్షిక రై గడ్డి కావచ్చు, మీకు పనికిరాదు. సంచి మీద మొలక శాతం, పరీక్షించిన తేదీ లేకపోతే వెనక్కి పంపండి. ఉన్నా సరే, 100 గింజలు తడి గోనెగుడ్డలో చుట్టి, ఆరకుండా చూసుకుని, పది రోజులకు లెక్కపెట్టండి.

ఎకరాకు 4 కిలోలు, మీ రెండు గుంటలకు 200 గ్రాములు చాలు. టెట్రాప్లాయిడ్ (కణాల్లో క్రోమోజోమ్‌లు రెట్టింపు ఉన్న) రకమైతే గింజ లావు, కాబట్టి 300 గ్రాములు తీసుకోండి. ఆ రకాల ఆకు వెడల్పుగా ఉంటుంది, నీటి శాతమూ ఎక్కువే. గింజ పొట్టులా తేలిక, గాలికి పోతుంది. తడి మన్నులో కలిపి, గాలి లేని ఉదయం చల్లండి. సోయా మోళ్లు, పెడ్డలు లేకుండా దుక్కి మెత్తగా ఉండాలి. గింజ సెంటీమీటరు కంటే లోతుకు పోతే సరిగా మొలవదు.

ఇక ఓట్స్. కెంట్ రకం ఎకరాకు 40 కిలోలు, మీకు 18 కిలోలు కావాలి. ఒకేసారి వేయకండి. సగం ఇప్పుడు, సగం పదిహేను రోజుల తర్వాత విత్తండి. లేకపోతే మేతంతా ఒకేసారి కోతకొచ్చి, సగం ముదిరి, తర్వాత మళ్లీ ఎండుగడ్డే గతి అవుతుంది. 50–55 రోజులకు నాలుగు వేళ్ల ఎత్తు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. రెండో కోత సగం పూత మీద తీసుకోండి. రెండు కోతలకు ఎకరాకు 16–20 టన్నులు వస్తుంది, అంటే మీకు 7 నుంచి 9 టన్నులు. బర్రెకు రోజుకు 25 కిలోల చొప్పున నాలుగింటికి మూడు నెలలకు 9 టన్నులు కావాలి. కొంచెం తక్కువ పడితే జొన్న చొప్ప సర్దుతుంది.

రై గడ్డినీ ఇంతే ఎత్తు వదిలి కోయండి. ప్రతి కోత తర్వాత రెండు గుంటలకు ఒకటిన్నర కిలో యూరియా వేసి నీరు పెట్టండి. లేత గడ్డి ఒక్కటే పెడితే పేడ పలచబడుతుంది, చొప్ప కుట్టితో కలిపి వేయండి. కంకి కట్టి గింజ రాలకముందే కోసేయాలి. రాలిందంటే వచ్చే యాసంగిలో అదే కలుపు.

బర్రెలను మాత్రం అందులోకి తోలకండి. తడి నల్లరేగడిలో వాటి గిట్టలకు దుబ్బులు వేళ్లతో సహా లేచిపోతాయి. కోసుకొచ్చి పెట్టడమే మేలు.