ఊరంతటికీ వేడినీళ్లు, అదీ అణు రియాక్టరుతోనా?

ప్రశ్న: మావాడు హెల్సింకీలో చదువుతున్నాడండి. అక్కడ పైపుల్లో వేడినీళ్లు తిప్పి ఊళ్లో ఇళ్లన్నీ వెచ్చగా ఉంచుతారంట, ఇప్పుడు దానికి చిన్న అణు రియాక్టరు పెట్టాలని చూస్తున్నారంట. ఆ నీళ్లలో రేడియేషన్ కలవదా? మన వైపు పనికొస్తుందా?
– ఓ పాఠకుడు, పాలకొల్లు

జవాబు: కలవదండి. రియాక్టరు నీళ్లు లోపలే తిరుగుతాయి, వాటి వేడి మాత్రం హీట్ ఎక్స్ఛేంజర్ (నీళ్లు కలవకుండా వేడిని దాటించే పరికరం) లోహం గుండా మధ్య లూపులోకి, అంటే మధ్యలో విడిగా తిరిగే ఇంకో నీళ్ల చుట్టులోకి, అక్కణ్ణించి ఇంకో ఎక్స్ఛేంజర్లో ఊరి నీళ్లలోకి పోద్ది. మధ్య లూపులో ప్రెషర్ కావాలనే ఎక్కువ పెట్టే డిజైన్లున్నాయి, చిల్లు పడినా కారేది రియాక్టరు వైపుకే.

ఇదేం కొత్త కాదు. స్వీడన్లో ఆగెస్టా రియాక్టరు 1964 నుంచి 1974 దాకా స్టాక్‌హోమ్ శివారు ఫార్స్టాకి వేడినిచ్చింది. రష్యాలో పెవెక్ ఊరికి 2020 నుంచి నీళ్లమీద తేలే అణు ప్లాంటే ఇస్తోంది. ఫిన్లాండ్ వాళ్ల ఎల్‌డీఆర్-50 అనే చిన్న రియాక్టరు డిజైన్ అయితే కరెంటు జోలికే పోదు, 50 మెగావాట్లూ వేడే.

ఇక మనకంటారా, జనవరిలో దుప్పటి కప్పుకుంటే సరిపోయే చోట ఇళ్లకి హీటింగేంటండీ! రైస్ మిల్లులకి వడ్లు ఉడికించడానికి ఆవిరి కావాలి నిజమే, కానీ బాయిలర్లోకి ఊక మిల్లులోనే దొరుకుద్ది కదా. వేడితో చల్లదనం పుట్టించే అబ్జార్ప్షన్ మిషన్లూ ఉన్నాయి, అమ్మోనియా రకంతో రొయ్యలకి ఐసు కూడా చేయొచ్చు, కాకపోతే ఈ పైపుల లెక్క గిట్టాలంటే వాడేవాళ్లు ఒకేచోట గుంపుగా ఉండాలి, మన చెరువులూ ఐస్ ఫ్యాక్టరీలూ చూస్తే భీమవరం నుంచి నరసాపురం దాకా చెల్లాచెదురు. నన్నడిగితే మనకి దండగ.