పేరు పెట్టి పిలిచేది అమ్మ ఒక్కతే

ప్రశ్న: అక్కా, మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ. చిన్నప్పటి నుంచి అందరికీ నేను 'నల్లోడినే', పేరు పెట్టి పిలిచేది మా అమ్మ ఒక్కతే. మొన్న ఫోన్‌లో అమెరికా నల్లజాతి గాయకుడు జేమ్స్ బ్రౌన్ పాట విన్నా, నల్లవాణ్ణని గర్వంగా చెప్పుకుంటాడు. ఒళ్లు జలదరించింది. మా దోస్తేమో రంగులో గర్వపడేందుకు ఏముందిరా అన్నాడు, జవాబు తోచలేదు. ఇలాంటివి ఇంకా ఏం వినాలో కూడా చెప్పండి.

– డిగ్రీ విద్యార్థి

జవాబు: తమ్ముడూ, ఆ పాట ఎప్పుడు పుట్టిందో మీ దోస్తుకి చెప్పు. 1968 ఏప్రిల్ 4న అమెరికాలో నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. అదే ఆగస్టులో బ్రౌన్ 'సే ఇట్ లౌడ్' రికార్డు చేశాడు. ఒంటిమీద సరైన బట్టల్లేవని చిన్నప్పుడు బడి నుంచి ఇంటికి పంపేస్తే ఆ అవమానం దిగమింగుకుని పెరిగినవాడు ఆయన. అప్పటికి అక్కడ 'బ్లాక్' అన్న మాట చాలామంది నల్లజాతివాళ్లకే తిట్టులా వినపడేది, మర్యాదగా చెప్పాలంటే 'నీగ్రో' అనో 'కలర్డ్' అనో అనేవాళ్లు. ఆ తిట్టునే ఆయన రేడియోలో అందరూ వినేలా గట్టిగా పాడాడు. రంగు మనం సంపాదించుకున్నది కాదు, నిజమే, కానీ ఆ రంగు చూపించి తరతరాలు తల దించుకోమన్నవాళ్ల ముందు తలెత్తి దాని పేరే చెప్పుకోవాలంటే ఎంత గుండె కావాలి!

మళ్లీ ఒకసారి విను. గట్టిగా చెప్పండని ఆయన అడుగుతాడు, గర్వం మాట మాత్రం పిల్లలు అందుకుంటారు. నాకు ఏడుపొచ్చేది అక్కడే. ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతికి మీ వైపు ఆయన మీద భీమ్ గీతాలు పాడేటప్పుడు కూడా అంతే కదా, పాటగాడు ఒక ముక్క అనగానే వెనకాల జనం ఎత్తుకుంటారు. మరాఠీ కవి, గాయకుడు వామన్‌దాదా కర్డక్ ఊరూరా తిరిగి పాడింది ఇలాంటి పాటలే. జాతి వివక్ష, కులం ఒకటే అని నేననను. కానీ 1946లోనే అంబేడ్కర్ అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాశారు, 1972లో ముంబై దళిత కుర్రాళ్లు అక్కడ నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ల పేరు చూసే తమ సంఘానికి దళిత్ పాంథర్స్ అని పెట్టుకున్నారు. బాధ తెలిసినవాళ్లు ఒకరినొకరు గుర్తుపట్టారు.

ఆ పాటతో తెల్లజాతి శ్రోతలు చాలామంది దూరమయ్యారని బ్రౌనే తర్వాత చెప్పాడు. అయినా పాడాడు. ఆ రోజుల్లోనే జుట్టు సాపు చేయించుకోవడం మానేసి సహజంగా వదిలేశాడు కూడా. మన ఇళ్లలో ఫెయిర్‌నెస్ క్రీము ట్యూబు అడుగుదాకా పిండుతుంటామే, అది చూసినప్పుడల్లా నాకు ఆయన జుట్టే గుర్తొస్తుంది. నిన్ను 'నల్లోడా' అన్నవాళ్లకి నీ పేరు చెప్పు, ఎన్నిసార్లయినా సరే.

ఇక వినాల్సినవి. 1963లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో నల్లజాతివాళ్ల చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపినప్పుడు నల్లజాతి గాయని నీనా సిమోన్ కోపం పట్టలేక కట్టిన 'మిసిసిపీ గాడ్‌డ్యామ్' విను. తర్వాత మరో నల్లజాతి గాయని బిల్లీ హాలిడే 1939లో పాడిన 'స్ట్రేంజ్ ఫ్రూట్'. చెట్టుకి ఉరితీసి వేలాడదీసిన నల్లజాతివాళ్ల గురించిన పాట అది, ఆమె పాటలు వేసే రికార్డుల కంపెనీ దాన్ని రికార్డు చేయనంటే వేరే చిన్న కంపెనీకి వెళ్లి పాడింది. దాన్ని పగలే విను తమ్ముడూ. నేను రాత్రి విన్నాను, తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.