బిల్లు మీద అభ్యంతరం చెప్పాలంటే

అమ్మలూ,

సభలో చర్చ మొదలయ్యాక మన ఎంపీకి ఉత్తరం రాస్తానన్నావు. అది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ముప్పై ఏళ్లు పేపర్ డెస్కులో ఈ వార్తలు దిద్దినవాణ్ని కాబట్టి చెబుతున్నా, బిల్లు సభ మెట్లెక్కేసరికే అసలు పని ఢిల్లీలో ఏదో మంత్రిత్వ శాఖలో అయిపోతుంది: శాఖ ముసాయిదా తయారుచేస్తుంది, న్యాయశాఖ దాన్ని చూస్తుంది, కేబినెట్ సరే అంటుంది. ఎంపీ సొంతంగా బిల్లు పెట్టకూడదని కాదు, శుక్రవారం మధ్యాహ్నం వాటికంటూ కొంత టైమిస్తారు, కానీ అలా చట్టమైనవి స్వాతంత్ర్యం వచ్చాక 14 మాత్రమే. చివరిది 1970లో.

మన ఎంపీకి నీ మాట నచ్చనే నచ్చొచ్చు. కానీ పార్టీ విప్, అంటే ఇలాగే ఓటెయ్యాలన్న ఆదేశం, జారీ చేశాక ఎదురు ఓటేస్తే, 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం కింద సీటుకే ఎసరు. అందుకని ఆయన్ని ఓటు అడక్కు. బిల్లును కొందరు ఎంపీలు కూర్చుని పరిశీలించే పార్లమెంటరీ కమిటీకి పంపమని సభలో పట్టుబట్టమను.

2014 ఫిబ్రవరి 18 నీకు గుర్తుండదు, చిన్నపిల్లవి. అంతకు ముందు జనవరి 30న ఉమ్మడి అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించింది, అయినా రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం పార్లమెంటు అసెంబ్లీ అభిప్రాయం అడగాలే తప్ప దానికి కట్టుబడక్కర్లేదు. లోక్‌సభలో టీవీ ప్రసారం ఆగిపోయి ఉండగా మూజువాణి ఓటుతో, అంటే అవును, కాదు అన్న గొంతులు విని తేల్చే పద్ధతిలో, బిల్లు గట్టెక్కింది. మీ పెద్దమ్మది గుంటూరు, మనది వరంగల్. ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు, నేను ఆఫీసులో స్వీటు తిని వచ్చాను. ఆ సంగతి ఇప్పటికీ దెప్పుతుంది. సంతోషపడ్డవాణ్నే అయినా చెబుతున్నా, ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో లెక్క లేకపోవడం నాకు అప్పుడూ నచ్చలేదు, 2020 సెప్టెంబరులో సాగు చట్టాలను రాజ్యసభ అలాగే దాటించినప్పుడూ నచ్చలేదు.

సరే, నీ పని. ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలని 2014లో కేంద్రమే ఒక విధానం పెట్టుకుంది, అన్ని శాఖలూ పాటించవనుకో, అయినా సంబంధిత శాఖ వెబ్‌సైట్ వారానికోసారి చూస్తూ ఉండు. కమిటీకి వెళ్తే సూచనలు పంపమని ప్రకటన ఇస్తారు. అప్పుడు ఆవేశంగా నాలుగు పేజీలు రాయకు. క్లాజు నంబరు, ఇప్పుడున్న మాట, దాని బదులు నువ్వు కోరే మాట, దానివల్ల దెబ్బతినే ఒక మనిషి ఉదాహరణ, అంతే. అందరూ పంపే ఒకే నమూనా ఉత్తరం మీద నీ సంతకం పెట్టి పంపడం మాత్రం దండగ.

బిల్లులో ‘నిర్దేశించిన విధంగా’ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో పెన్సిలుతో గీత గీసుకో. అక్కడల్లా అసలు సంగతిని ప్రభుత్వం తర్వాత రూల్స్‌లో రాసుకుంటుంది. పౌరసత్వ సవరణ చట్టం 2019 డిసెంబరులో వస్తే రూల్స్ 2024 మార్చిలో వచ్చాయి. చట్టమైందని ఊరుకోకు, రూల్స్ ముసాయిదా వస్తే దాని మీద కూడా రాయి.

నువ్వు రాసింది ఆదివారంలోగా నాకు పంపు, కొత్త కళ్లజోడు వచ్చింది, చూస్తాను.

– పెదనాన్న